చాంద్‌మారి ఐలయ్య, మూడు ఈలలు

మోతె నుంచి పడమటి దారిన ఐదు మైళ్లు నడిస్తే గుండ్లబోడు అనే రాళ్లగుట్ట వస్తుంది. దానికి ఇవతల బోడుకింది గూడెం, అవతల చాంద్‌మారి. కాగితాల్లో ఆ జాగాకు మూరెడు పొడవు పేరు ఉండేది గానీ, ఆ పేరుతో పిలిస్తే గూడెంలో ఎవరూ పలకరు. సైన్యం వాళ్లు తుపాకులూ ఫిరంగులూ తెచ్చి, అవి సరిగ్గా పేలుతున్నాయో లేదో కాల్చి చూసుకునే చోటు అది. అందుకని ఉర్దూ మాటలో చాంద్‌మారి.

దాని చరిత్ర ఏ దఫ్తరులో ఏ బీరువాలో పడి ఉందో మనకు తెలియదు. గూడెంలో అయితే అది ఐలయ్య నోట్లో ఉండేది. కల్లు కాంపౌండులో ఎవరైనా ఒక్క మాట అడిగితే చాలు, నిజాం కాలం నుంచి ఎత్తుకునేవాడు. ఆ రోజుల్లో సిపాయిలు గుర్రాల మీద వచ్చి, వరుసగా కుండలు పెట్టి కాల్చేవారట. ఆ కాల్పుల పుణ్యాన గూడెంలో కుమ్మరి ఇల్లు డాబా అయిందట. తర్వాత యూనియన్ సైన్యం సూర్యాపేట దారిన వచ్చింది. కుండలు పోయాయి, అట్టబొమ్మలు వచ్చాయి. ఐలయ్య తండ్రి బుచ్చయ్యకు పని దొరికింది అప్పుడే. గుంతలో కూర్చుని అట్టబొమ్మను కర్రతో పైకెత్తడం, తూటా తగిలిందో లేదో చూసి జెండా ఊపడం ఆయన పని. బుచ్చయ్య జాలిగుండె మనిషి. ఒకసారి కొత్తగా వచ్చిన కుర్ర ఆఫీసరు కాల్చిన పది తూటాలూ గాలికే పోతే, పాపం పిల్లగాడని రెండు తగిలినట్టు ఊపాడు. ఆ అట్టను దించి చూస్తే రంధ్రమన్నది లేదు. పిలిచి అడిగితే, "దూరి, మల్ల ఎనుకకు పోయినయేమో సాబ్" అన్నాడు.

ఆ తర్వాత ఫిరంగులు వచ్చాయి. ఒక గుండు దారితప్పి తాటిచెట్ల మధ్య పడి, కట్టిన కల్లు లొట్లు పదిహేడు పగిలాయి. మనుషులకు గీత కూడా పడలేదు గానీ గూడెం రెండు రోజులు కోలుకోలేదు. రోజూ పది గంటలకు మొదటి గుండు పేలగానే ఆడవాళ్లు ఎసరు పెట్టేవారు. విచిత్రమేమంటే, దేశంలో నిజంగా యుద్ధం జరిగిన సంవత్సరం చాంద్‌మారి చప్పుడు చేయలేదు. సైన్యమంతా పనిమీద పోయింది మరి. ఆ ఏడు గూడెంలో ఒక్క ఇంట్లోనూ వేళకు అన్నం ఉడకలేదు.

ఇన్ని చెప్పే ఐలయ్య 1988లో తండ్రి తర్వాత అదే చాంద్‌మారిలో రోజుకూలీగా చేరాడు. కాల్పులు లేనినాడు కావలి. కాల్పులున్ననాడు దిబ్బ మీద ఎర్రజెండా ఎత్తి, చుట్టుపక్కల కట్టెలకు వచ్చినవాళ్లనూ పశువులనూ కేకలేసి వెళ్లగొట్టాలి. ఆ పనికి ఆయన గొంతే పెట్టుబడి. తన కేక మోతె దాకా వినబడేదని ఆయన అనేవాడు. బోడు దిగేదని మాత్రం ఆయన భార్య సైదమ్మ ఒప్పుకునేది.

2004లో ఆ గొంతు కింద నిమ్మకాయంత గడ్డ లేచింది. సూర్యాపేట దవాఖానాలో కోసి తీశారు. గడ్డ పోయింది, దానితోపాటు కేకా పోయింది. మిగిలిన గొంతు చిన్నపిల్ల ఊదే బూర లాగా ఉండేది. చాంద్‌మారి ఆఫీసులో గుమాస్తా ప్రభాకర్ అని కోదాడ మనిషి ఉండేవాడు. ఆయన బీరువా వెతికి ఒక ఇత్తడి ఈల తీసి ఇచ్చాడు.

"ఇదిగో ఐలయ్యా, ఇక నువ్వు అరవక్కర్లేదు. కాల్పులకు ముందు మూడుసార్లు పొడుగ్గా ఊదాలి. అది విని ఎవరున్నా అవతలికి పోతారు. ప్రభుత్వం వారి ఈల, జాగ్రత్త. పోగొట్టావంటే నాకు మూడు కాగితాల పని."

ఐలయ్య దాన్ని తాడుకు కట్టి మెడలో వేసుకున్నాడు. సరిగ్గా ఆ నెలలోనే కాల్పులు ఆగిపోయాయి. పైనుంచి ఏవో హుకుంలు రావాలన్నారు. నెలలు గడిచాయి. మెడలో ఈల వేలాడుతోంది, ఊదడానికి పని లేదు. ఇంటి దగ్గరేమో నూట నలభై రెండు గొర్రెలున్నాయి, వాటిని పిలవడానికి గొంతు లేదు.

ఇక చెప్పాల్సిందేముంది. సాయంత్రం దోటితో తుమ్మకాయలు రాల్చి, కుప్పపోసి, మూడుసార్లు పొడుగ్గా ఊదేవాడు. తుమ్మకాయలంటే గొర్రెలకు ప్రాణం. మొదట్లో నాలుగు వచ్చాయి, తర్వాత నలభై. నెల తిరక్కుండా బోడు మీద ఏ మూలనున్నా, ఏ పొదలోనున్నా, మూడో ఈల ముగిసేలోగా మందంతా ఆయన కాళ్ల దగ్గర ఉండేది. "నా మంద సూడుర్రి, మిల్ట్రీ లెక్క వస్తది" అని కాంపౌండులో ఛాతీ విరుచుకునేవాడు. ప్రభుత్వం వారి ఈల ప్రభుత్వం పని మీద ఒక్కసారి కూడా మోగలేదన్న సంగతి ఆయనకు తట్టనేలేదు.

2007లో ఆశ పుట్టింది. ఏళ్ల తరబడి రోజుకూలీలుగా ఉన్నవాళ్లను పర్మనెంటు చేస్తారని కాగితం వచ్చింది. పర్మనెంటు అంటే నెలజీతం, ఖాకీ బట్టలు, ముసలితనంలో పింఛను. ఐలయ్యకు అప్పటికి నలభై ఏడు. ఈ బండి వెళ్లిపోతే మరో బండి లేదు. ప్రభాకర్ దరఖాస్తు నింపుతూ చివరి అంశం ఒక్క ఊపిరిలో చదివేశాడు.

"చాంద్‌మారి చుట్టుపక్కల నా పేరున గొర్రెలు మేకలు పశువులు లేవని ఇందుమూలంగా... ఇక్కడ సంతకం పెట్టు."

"సార్, గొర్లున్నయి గద..."

ప్రభాకర్ కలం ఆపాడు. "ఏమన్నావు? నాకీ చెవి సరిగ్గా వినపడదు. రెండోది అసలే వినపడదు. పెడతావా, పెట్టవా?"

ఐలయ్య పెట్టాడు. బతుకులో రాసిన మొదటి అబద్ధం అది. సైదమ్మకు చెప్పలేదు. చెబితే ఆమె చెరువు దాకా వినబడేలా అడుగుతుంది. అప్పటినుంచి ఆయనకు ఒక కొత్త జబ్బు పట్టుకుంది. ఆఫీసులో ఉండగా ఎక్కడైనా గొర్రె అరిస్తే పెద్దగా దగ్గేవాడు. ఇంకోసారి అరిస్తే ఇంకోసారి. "గొంతు ఇంకా మానలేదా ఐలయ్యా?" అని ప్రభాకర్ మందుబిళ్లలు ఇచ్చేవాడు. ఆయన అవీ మింగేవాడు.

2009 జనవరిలో హుకుం దిగింది. డిపోలో ఏళ్ల తరబడి పడి ఉన్న పాత మోర్టారు గుండ్లు ఇంకా పనికొస్తాయో లేదో కాల్చి చూడాలట. దానికి హైదరాబాదు నుంచి పెద్ద సాబు స్వయంగా వస్తున్నాడట. వచ్చిన పనిలో పనిగా పర్మనెంటు ఫైలు మీద ఆయనే సంతకం పెడతాడట.

ముందురోజు ఐలయ్య చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చి సైదమ్మతో మెల్లగా అన్నాడు.

"రేపు గొర్లను దొడ్లెనే ఉంచరాదు? జర పెద్దోళ్లు వస్తుండ్రు."

"పెద్దోళ్లు వస్తే గొర్లు పస్తులుండాల్నా? పొద్దంతా దొడ్లె వేస్తే నా కొంగు నమిలి తింటయి. బోడుకు గీ పక్కనే మేపుకుంట. నీ సాబులకు కనబడను, పో."

ఆమె చెప్పింది నిజమే. బోడు ఇవతల ఉంటే అవతలి వాళ్లకు కనబడవు. ఐలయ్య కుదుటపడ్డాడు.

మర్నాడు తొమ్మిదిన్నరకు నాలుగు జీపులు వచ్చాయి. పెద్ద సాబు పొడుగ్గా, తెల్ల మీసాలతో ఉన్నాడు. ఏ పంజాబు మనిషో గానీ సికింద్రాబాదులో పదేళ్లున్నాడట, తెలుగు మాట్లాడతాడు. సున్నం గీతలు కొట్టడానికి గూడెం నుంచి పదిమంది కూలీలు వచ్చారు. వాళ్లలో సైదమ్మ తమ్ముడు బిక్షం ఒకడు. వానికి నోరు నవ్వడానికే ఉంది.

చాంద్‌మారి మధ్యలో తెల్లరాళ్లు పాతిన ఒక పెద్ద గుంత ఉంది. యాభై ఏళ్లలో పడి కూడా పేలకుండా మట్టిలో దిగబడిన గుండ్లు అందులోనే ఉన్నాయి. ఏ గుండు ఎప్పుడు మనసు మార్చుకుంటుందో తెలియదు కాబట్టి తెల్లరాయి దాటి ఎవరూ కాలు పెట్టరు.

పెద్ద సాబు గొట్టాలు చూశాడు, గుండ్లు చూశాడు, గడియారం చూశాడు.

"మైదానం ఖాళీ చేయించండి."

ప్రభాకర్ చెయ్యి ఊపాడు. ఐలయ్య దిబ్బెక్కి, ఎర్రజెండా లాగి, ఇరవై ఏళ్ల కొలువంతా గుండెలో నింపుకుని ఊదాడు. మొదటి ఈల అద్భుతంగా మోగింది. రెండోది దానికన్నా బాగా మోగింది. మూడోది ఊదుతుండగా, పెదవుల మీద ఈల ఉండగానే, ఆయనకు తుమ్మకాయలు గుర్తొచ్చాయి.

బోడు తల మీద దుమ్ము లేచింది.

"అది ఏమిటి?" అని పెద్ద సాబు దుర్భిణి ఎత్తాడు.

నూట నలభై రెండు గొర్రెలు బోడు దాటి, తుమ్మపొదలు తొక్కుకుంటూ, సున్నం గీతలు చెరుపుకుంటూ, చాంద్‌మారిలోకి వరద లాగా దిగాయి. ముందు పెద్ద పొట్టేలు. అన్నీ ఒకే గురిమీద వచ్చి దిబ్బ చుట్టూ నిలబడి, మెడలెత్తి ఐలయ్యనే చూశాయి. తుమ్మకాయల కోసం.

"ఎవరివి ఇవి?"

"ఎవలియో... సార్" అన్నాడు ఐలయ్య ఆకాశం చూస్తూ. పొట్టేలు దిబ్బ ఎక్కి ఆయన చొక్కా జేబులో మూతి పెట్టింది. "ఇదైతే నేనెన్నడు సూడలే" అన్నాడు. అది జేబు నాకడం మొదలుపెట్టింది.

"మనుషుల్ని గుర్తుపట్టే గొర్రెల్లా ఉన్నాయే" అన్నాడు సాబు.

సిపాయిలు వాటిని తోలడానికి దిగారు. వాళ్లు దేశం కాపాడగలరు గానీ గొర్రెలు తోలలేరు. ఒకడు అటునుంచి అదిలిస్తే, ఒకడు ఇటునుంచి అదిలించాడు. మంద రెండుగా చీలింది. ముప్పై నలభై గొర్రెలు బెదిరి నేరుగా తెల్లరాళ్ల వైపు పరుగెత్తాయి. అదే క్షణంలో బోడు మీద సైదమ్మ కనబడింది. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, చేతిలో కర్రతో, తప్పించుకుపోయే ఆ ముప్పైకి అడ్డంగా ఆమె కూడా గుంత వైపే దూసుకొస్తోంది.

"ఓ మనిషీ! ఎందుకూదినవయ్యా! దుకాణం తెరవనిదే గిరాకీ పిలుస్తవా!"

"ఆమెను ఆపండి!" అని సాబు అరిచాడు. సిపాయిల అరుపులు హిందీలో ఉన్నాయి. సైదమ్మ పరుగు తెలుగులో ఉంది.

ఐలయ్య ఆపమని అరవబోయాడు. గొంతులోంచి బూర చప్పుడు వచ్చింది. కాగితం గుర్తొచ్చింది. ఇప్పుడు ఈల ఊదితే గొర్రెలు తిరిగి వస్తాయి. వాటితో ఆమె వస్తుంది. గొర్రెలు ఎవరివో పెద్ద సాబుకు చెప్పనక్కర్లేకుండా తెలిసిపోతుంది. పర్మనెంటు అక్కడే ఖతం. ఇంత ఆలోచన పట్టిందని తర్వాత ఆయన చెప్పేవాడు గానీ, చూసినవాళ్లు చెప్పేదేమంటే, ఆలోచించిన జాడ కనబడలేదు. ఈల నోట్లోకి ఎప్పుడు పోయిందో తెలియదు. మూడుసార్లు ఊదాడు, కళ్లు బయటికి వచ్చేలా.

తెల్లరాయికి పది గజాల ఇవతల ముప్పై గొర్రెలు నిలబడ్డాయి, చెవులు రిక్కించాయి, గిరుక్కున తిరిగి దిబ్బకేసి ఉరికాయి. వాటి వెనక సైదమ్మ తిరిగింది. మంద మళ్లీ దిబ్బ చుట్టూ చేరి మెడలెత్తింది.

ఐలయ్య దిబ్బ దిగి, పెద్ద సాబు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నాయే సార్. అన్ని నాయే. నూట నలభై రెండు. కాగితంల లెవ్వని రాసిన. అబద్ధం రాసిన. ప్రభాకర్ సారు తప్పేం లేదు, ఆయినకు చెవులు వినబడయి. నా కొలువు తీసేయుర్రి."

ప్రభాకర్ అప్పుడే చెవిటివాడిగా స్థిరపడిపోయాడు. కూలీలు తలపాగలు తీసి చేతుల్లో పట్టుకున్నారు. బిక్షం కూడా నవ్వలేదు. ఐలయ్యకు లోపల ఏడుపు వస్తున్నా, అంతమందిలో అంత గొప్ప మాట అన్నందుకు కొంచెం గర్వంగా కూడా ఉంది. తల ఇంకాస్త వంచాడు, బాగుంటుందని.

అంతలో సైదమ్మ రొప్పుతూ వచ్చింది.

"ఏమంటివి? ఎవలియి? నీయా?"

"ఏయ్, నువ్వూకో. సాబుతోని మాట్లాడుతున్న."

"ఊకోను. నీయెట్లయితయి? పెండ్లినాడు మా నాయిన ఇరవై గొర్లను నాకు పసుపుకుంకుమ కింద తోలిచ్చిండు. వాటి పిల్లలు, వాటి పిల్లల పిల్లలు, గియన్ని. నీకేడియి?"

ఆ గూడెం గొల్లల ఇళ్లలో అది పాత పద్ధతి. పెళ్లినాడు పుట్టింటివాళ్లు ఆడపిల్ల వెంట గొర్రెలు తోలిస్తారు. ఆ గొర్రెలూ, వాటికి పుట్టేవీ ఆమెవే. మొగుడు మేపుకోవచ్చు, నావని ఊరంతా చెప్పుకోవచ్చు. అమ్మాలంటే మాత్రం ఆమెను అడగాలి.

"మరి మా నాయిన ఇచ్చిన నా పదకొండు?" అన్నాడు ఐలయ్య, గొంతు తగ్గించి.

"నీ పదకొండా? నీ గొంతు కోయించిననాడు దవాఖాన ఖర్చుకు అమ్మితిమి గద! మర్సినవా? గప్పటిసంది నీకు తోక గూడ లేదు."

ఐలయ్య వేళ్లు మడిచి చూసుకున్నాడు. నిజమే. నాలుగేళ్లుగా ఆయనకు ఒక్క గొర్రె లేదు. రెండేళ్లు ఏ అబద్ధానికి దగ్గుతూ బతికాడో ఆ అబద్ధం అక్షరాలా నిజం.

ఇక బిక్షానికి ఆగలేదు. "గట్లైతే బావా, ఇన్నేండ్ల సంది నువ్వు మా అక్క కాడ జీతమున్నవా? నా మంద నా మంద అంటివి!"

కూలీలు కూర్చుండిపోయి నవ్వారు. ఒక సిపాయికి ఇంకొకడు హిందీలో చెబితే వాడూ నవ్వాడు. పెద్ద సాబు మీసాల వెనక ఏదో జరుగుతోంది గానీ ముఖం గట్టిగానే పెట్టాడు.

"ఐలయ్య, సరిగ్గా చెప్పు. ఇందులో ఒక్క గొర్రె అయినా నీదా? నీది అయితే ఫైలు వాపసు. కాకపోతే సంతకం."

ఇంతకుముందు కొలువు వదులుకోవడానికి పట్టని సమయం ఇప్పుడు పట్టింది. కొలువు పోగొట్టుకున్న మగవాణ్ని కాంపౌండులో అందరూ దగ్గరికి తీసుకుంటారు. గొర్రెలేని గొల్లవాడికి మాత్రం ఎక్కడ కూర్చోమంటారు? బిక్షం చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మరీ వింటున్నాడు. పొట్టేలు చొక్కా కొసను నములుతోంది, ఆ మాత్రం ఆత్మీయత కూడా సైదమ్మ సొత్తే.

"ఒక్కటి గూడ నాది కాదు సార్" అన్నాడు ఐలయ్య.

"జర గట్టిగ చెప్పు బావా, గొంతు వినబడుతలేదు!"

"ఒక్కటి గూడ నాది కాదు! అన్ని ఆమెయే! నేను... జర సాయం చేస్త."

"అయితే కాగితం సరిగ్గానే ఉంది" అని పెద్ద సాబు జీపు బానెట్ మీద ఫైలు పెట్టి సంతకం చేశాడు. ప్రభాకర్‌కు రెండు చెవులూ ఒక్కసారే బాగయ్యాయి. పరుగున వచ్చి ముద్ర వేశాడు.

కాల్పులున్ననాడు మంద చాంద్‌మారి దగ్గరికి రాకూడదని సైదమ్మను కూడా వేలిముద్ర వేయమన్నారు. ఆమె ఊరికే వేయలేదు. మూడు రోజుల ముందు డప్పు చాటింపు వేయించాలని, చాంద్‌మారిలో తుమ్మచెట్లు కొట్టకూడదని ఒప్పించుకుని, అప్పుడు వేసింది. ఆమె మందను దొడ్డికి చేర్చాక, ఈల కాకుండా జీపు హారన్ మూడుసార్లు మోగించి గుండ్లు కాల్చారు. పది కాల్చితే ఆరు పేలాయి. నాలుగు సిగ్గుపడి గుంతలో కూర్చున్నాయి.

చాంద్‌మారి ఆ తర్వాత నాలుగేళ్లే నడిచింది. 2013లో సామాన్లు లారీలకెక్కించి, గుంతలో గుండ్లన్నీ వెతికి పేల్చేసి, గేటుకు తాళం వేశారు. ఐలయ్యను మిర్యాలగూడ దగ్గర ఏదో సర్కారు గోదాముకు కావలిగా మార్చారు. ఖాకీ బట్టల్లో బస్సెక్కి పోయేవాడు. చాంద్‌మారి కథ మాత్రం ఇప్పటికీ కుండల దగ్గర మొదలుపెట్టి, లొట్ల మీదుగా వచ్చి, గొర్రెల దగ్గరికి రాగానే దగ్గు వచ్చి ఆపేస్తాడు. మిగతాది బిక్షం చెబుతాడు.

ఫైలు మీద సంతకం పడిన ఆ సాయంత్రం మొగుడూపెళ్లాలిద్దరూ బోడు దాటి ఇంటికి నడిచారు. సైదమ్మ మహా సంతోషంగా ఉంది, ముందు నడుస్తోంది. ఐలయ్య కూడా సంతోషంగానే ఉన్నాడు గానీ గూడెం దగ్గరయ్యేకొద్దీ అడుగులు చిన్నవవుతున్నాయి.

"సైదా."

"ఏంది?"

"పదిమందిల ఇజ్జత్ పోయింది. ఒక్క పొట్టేలన్న నా పేర రాయరాదు?"

"రాస్త. గదెంత పని? నీ పర్మనెంటు జీతం నా పేర రాయి, పొట్టేలు నీ పేర రాస్త."

ఐలయ్య పది అడుగులు నడిచాడు.

"పోనీ, గొర్రెపిల్ల?" అన్నాడు.